ఇంకా దాటుతున్నారు

సందుకి అడ్డంగా గోడ లేచిన పొద్దున నేను అక్కడే ఉన్నాను. నలభై అడుగుల దూరంలో, బడి గేటు ముందు, చేతిలో బోర్డు పట్టుకుని.

మా చెల్లెలు సందులోంచి వచ్చింది. ఎదురుగా ఉన్న నూలు మిల్లులో కండెలు చుట్టే పని తనది, ఇరవై రెండేళ్లుగా. ఒక చేతిలో అన్నం డబ్బా, ఒక చెయ్యి ఎడమ మోకాలి మీద. ఆ మోకాలు ఎప్పుడో పాడైంది. గోడ అప్పటికి నడుందాకా వచ్చింది. సిమెంటు ఇంకా తడిగా ఉంది. గోడకి అటు ఆమె, ఇటు బడి కాపలావాడు.

"దారి లేదమ్మా. వెనక్కెళ్లు."

"నిన్న ఉంది కదా నాయనా."

"నిన్న ఉంది."

"మరి ఇవాళేమైంది?"

"ఇవాళ లేదు."

చెల్లెలు ఇటుకల మీద చెయ్యి వేసి, ఎక్కగలనా అన్నట్టు చూసింది. గుమ్మంలో రెండు మెట్లెక్కడానికే పళ్లు బిగబట్టే మనిషి. చెయ్యి తీసేసి నా వైపు చూసింది. నేను బోర్డు ఎర్రవైపు తిప్పాను. అటుపక్క కారులోంచి ఎవరో పిల్ల దిగుతోంది.

చెల్లెలు వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. ఇక పెద్ద రోడ్డు మీదుగా చుట్టూ రావాలి. రెండు కిలోమీటర్లు. అది లారీల రోడ్డు. నడిచేవాళ్లకి అంచు కూడా లేదు, తారు అయిపోగానే మురుక్కాలవ. ఆమె వచ్చేసరికి మిల్లు కూత ఆగిపోయి అరగంటయింది. మిల్లులో నెలకి మూడు ఆలస్యాలైతే పనిలోంచి పేరు కొట్టేస్తారు. ఆ రోజు మొదటిది.

మిల్లుల్లో పనిచేసే తమ్ముళ్లకీ, చదువుకునే పిల్లలకీ ఇది చెబుతున్నాను. నేను చదివింది మూడో తరగతి. చూసింది చూసినట్టు రాస్తాను. నేను చేసింది కూడా రాస్తాను.

బడి వెనకాల మా పేట. మూడొందల గడప. బడికీ పాత గోదాముకీ మధ్య సందు. ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకి తిరగాలి, అంతే వెడల్పు. అందులోంచి వస్తే మిల్లు రోడ్డు, దాటితే మిల్లు. మా అందరి కాళ్లూ ఆ సందులోనే అరిగాయి. బడి ఏడాదికో అంతస్తు పెరిగింది. తర్వాత గోదాము కొన్నది. రెంటినీ కలిపి, కార్లు ఒక వైపు లోపలికొచ్చి పిల్లల్ని దించి ఇంకో వైపు బయటికి పోవడానికి చుట్టుదారి వెయ్యాలనుకుంది. మధ్యలో మా సందు అడ్డం.

నాకు రాళ్లు కొట్టే పని చేతకాకుండా పోయాక బడివాళ్లు ఈ బోర్డు పని ఇచ్చారు. గుండ్రటి రేకు, కింద కర్ర. ఒక వైపు ఎరుపు, ఒక వైపు ఆకుపచ్చ. పిల్లలు దాటేటప్పుడు ఎరుపు చూపించి బళ్లని ఆపాలి. మొదటి రోజే మేనేజరు చెప్పాడు. "తాతా, బోర్డు మన పిల్లలకే. మిల్లువాళ్ల కోసం ట్రాఫిక్ ఆపకు. వాళ్లకి అలవాటే, వాళ్లే చూసుకుంటారు."

మంచివాడే మేనేజరు. ఎండాకాలంలో టోపీ ఇప్పించాడు.

గోడకి రెండు నెలల ముందు ఒకరోజు ఆయన పోతూ పోతూ అన్నాడు. "రేపు మున్సిపల్ ఆఫీసు నుంచి మనిషి వస్తాడు, సందులో ఎంతమంది నడుస్తారో లెక్కపెట్టడానికి. నువ్వు మాత్రం నీ చోట నిలబడు." ఇంతే అన్నాడు. ఇంకొక్క మాట అనలేదు. ఆయన మీద నేను అబద్ధం చెప్పను.

లెక్క అనే మాట నాకు కొత్త కాదు. మేం ఈ పేటకి రాకముందు ఏటిగట్టు మీద ఉండేవాళ్లం. అక్కడికీ ఒకసారి లెక్కపెట్టేవాళ్లు వచ్చారు. నవ్వుతూ వచ్చారు. మంచినీళ్లు అడిగి తాగారు. తలుపు తలుపుకీ సుద్దతో అంకె వేశారు. మా తలుపు మీద నలభై ఏడు. ఇళ్లకి పట్టాలు ఇస్తారనుకుని ఆడవాళ్లు ఆ అంకెలు చెరిగిపోకుండా తలుపులు కడగడం కూడా మానేశారు. పంతొమ్మిదో రోజు యంత్రం వచ్చింది. అంకెల వరసలోనే కూలగొట్టుకుంటూ పోయింది.

ఆ సాయంత్రం చెల్లెలితో చెప్పాను. "రేపు సందులో లెక్కపెడతారట. మనవాళ్లని కనిపించొద్దని చెప్పు."

నేను ఎక్కువ మాట్లాడను. అందుకే నేను ఒక మాటంటే జనం నమ్ముతారు. చెల్లెలు కుళాయిల దగ్గర చెప్పింది. కుళాయిల దగ్గర చెబితే పేటంతా చెప్పినట్టే.

తెల్లవారి లెక్కల మనిషి సందు మొదట్లో కుర్చీ వేసుకుని గొడుగు పాతాడు. చేతిలో నొక్కితే టిక్కుమనే చిన్న డబ్బా. మనిషి వస్తే నొక్కుతాడు. మావాళ్లు రాలేదనే చెప్పాలి. ఆడా మగా అందరూ మురుక్కాలవ గట్టు పట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని, ఒకచోట మోకాలిలోతు దిగి పోయారు. దొంగల్లాగా నవ్వుకుంటూ పోయారట. సాయంత్రందాకా ఆయన కుర్చీలో కునుకు తీశాడు. పోయేటప్పుడు గొడుగు మడుస్తూ, "ఇంత తేలికైన రోజు నా ఉద్యోగంలో లేదు తాతా" అన్నాడు. నేను ఆయనకి మంచినీళ్లిచ్చాను. లోపల సంతోషంగా ఉంది. ఈసారి మేం దొరకలేదనుకున్నాను.

*

గోడ లేచిన నాలుగోనాడు లెక్కల టీచరమ్మ కాగితం తెచ్చింది. ఆ బడిలోనే చెబుతుంది, మా పేటలోనే అద్దెకుంటుంది. మాతోబాటు సందులో నడిచేది. ఆఫీసులో ఎవర్నో పట్టుకుని సందు మూసిన ఉత్తర్వు నకలు సంపాదించింది.

ఆ ఆదివారం కుళాయిల దగ్గర జనం కూడారు. బిందెల వరస అలాగే ఉంది, మనుషులు వాటి మధ్య కూర్చున్నారు. టీచరమ్మ చదివింది.

"సదరు సందును ఒక రోజులో ఉపయోగించిన పాదచారులు తొమ్మిది మంది. కావున దారి నిరుపయోగంగా ఉన్నదని నిర్ణయించి, పిల్లల భద్రత దృష్ట్యా పాఠశాలకు అప్పగించడమైనది."

టీచరమ్మ కాగితం మడిచింది.

"ఇంకో సంగతి," అంది టీచరమ్మ. "ఆ తొమ్మిదిలో నాలుగు నేనే. పొద్దున పోయాను, పుస్తకాలు మర్చిపోయి వెనక్కొచ్చాను, మళ్లీ పోయాను, సాయంత్రం వచ్చాను. నన్ను నలుగురిగా రాసుకున్నాడు."

"మిగతా అయిదు?" అన్నారెవరో.

"నేనే అయిదుసార్లు," అన్నాడు సాంబ్రాణి. వాడి నోట్లో ఎప్పుడూ పొగ, అందుకని ఆ పేరు. "పనికి పోలేదు ఆ రోజు. ఊరికే అటూ ఇటూ తిరిగాను."

"ఏడాదంతా ఎందుకూ పనికిరానివాడివి, ఆ ఒక్కరోజు మాకంటే ఎక్కువ పనికొచ్చావు," అంది గంగాళం. పిండి మరలో పనిచేసే మనిషి, గొంతు అంత పెద్దది. కొందరు నవ్వారు.

నవ్వు ఆగాక సంఘం మనిషి లేచాడు. మిల్లులో సంఘం తరఫున ఆయనే మాట్లాడతాడు. ఏడాది పొడుగునా మెడలో మఫ్లరుంటుంది కాబట్టి అందరూ మఫ్లరనే అంటారు. ఆయన టీచరమ్మని అడిగాడు. "మామూలు రోజైతే ఎంతమంది?"

"రెండు షిఫ్టులు, పోను రాను, ఆరొందల పైమాట."

"ఆరొందలు. అయితే ఆ రోజు మనల్ని పోవద్దన్నదెవరు?"

నేను లేవబోయి, ముందున్న బిందెని సర్ది మళ్లీ కూర్చున్నాను. చెల్లెలు కూర్చున్న చోటి నుంచే అంది, "నేనే అన్నాను. ఏటిగట్టు గుర్తొచ్చి భయపడ్డాను. నన్నేం చేస్తారో చెయ్యండి."

"చేసేదేముందమ్మా," అన్నాడు మఫ్లరు, "చేసేశావుగా."

ఒకామె బిందె తన్నింది. ఒకడు, కండెలు చుట్టే బుర్రలకి అంతకంటే ఏం తోస్తుందన్నాడు. చెల్లెలు తల దించుకోలేదు. నా వైపు కూడా చూడలేదు. ఇంటికి పోయేటప్పుడు దారిలో నేను గొంతు సవరించుకుంటే, "వద్దన్నయ్యా" అంది. "నీకు బడిలో పనుంది. ఈ మాట నీ మీదికి రావద్దు. నన్ను తిడితే ఏం, నాకు తిట్లు కొత్తా?"

నేను ఊరుకున్నాను. అలా ఊరుకున్న పది రోజులూ నేను లెక్కపెట్టి చెప్పగలను.

ఆ పది రోజుల్లో మేం ఆఫీసుకి పోయాం. ముప్ఫై మందిమి. ఆఫీసరు మర్యాదగా కూర్చోమన్నాడు, కుర్చీలు మాత్రం రెండే ఉన్నాయి.

"మళ్లీ లెక్కపెట్టించండి," అంది టీచరమ్మ.

"పెట్టిస్తాం. దానికేం. కానీ మూసిన దారిలో మనుషులు నడవరు కదమ్మా. సున్నా వస్తుంది."

"అయితే తెరిచి పెట్టించండి."

"తెరవాలంటే నడిచేవాళ్లున్నారని లెక్క ఉండాలి."

గంగాళం ముందుకొచ్చింది. "మేం ఉన్నాం కదయ్యా. కనిపిస్తున్నామా లేదా?"

"కనిపిస్తున్నారు. కానీ మీరు ఇక్కడున్నారు. అక్కడ లేరు."

"పోనీ పెద్ద రోడ్డు మీద నడవడానికి అంచైనా వెయ్యండి," అన్నాడు మఫ్లరు.

"దానికీ ఒక లెక్క ఉంటుంది. ఆ రోడ్డు మీద నడవడం నిషేధం. నిషేధమైన చోట నడిచేవాళ్లని లెక్కలోకి తీసుకోం."

బయటికొచ్చాక సాంబ్రాణి బీడీ వెలిగించి, "మనం ఎగరడం నేర్చుకుంటే ఆయనకి తలనొప్పి పోతుంది" అన్నాడు.

*

చెల్లెలికి రెండో ఆలస్యం కూడా అయిపోయింది. మూడోది కాకూడదని పొద్దున్నే చీకటుండగా లేచి, ఒక గంట ముందు బయల్దేరేది. పెద్ద రోడ్డు మలుపులో ఒకచోట మురుక్కాలవ గట్టు కూలి ఉంటుంది. అక్కడ తారు మీదికెక్కి పది అడుగులు నడవక తప్పదు. మోకాలు మంచిదైతే పది అడుగులు ఎంతసేపు.

మంగళవారం. అప్పటికి బాగా వెలుగొచ్చింది. నేను గేటు ముందు బోర్డు పట్టుకుని ఉన్నాను. సాంబ్రాణి పరిగెత్తుకుంటూ వచ్చాడు. వాడు పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. వాడి నోట్లో బీడీ లేదు.

నేను పోయేసరికి దుప్పటి కప్పారు. ఎవరిదో మిల్లు దుప్పటి. డబ్బా మూత దూరంగా పడి ఉంది. లారీ ఆగలేదు. పోలీసు కాగితంలో ఇలా రాశారు. 'నడవకూడని చోట నడుస్తూ వాహనానికి అడ్డు వచ్చినందున.' టీచరమ్మ చదివి చెప్పింది. నేను రెండోసారి చదివించుకున్నాను.

ఆ రోజు మిల్లులో ఆమె పేరు ఎదురుగా ఆలస్యం అని రాశారట. మూడోది.

మర్నాడు కుళాయిల దగ్గర ఎవరూ ఎవర్నీ పిలవలేదు. అందరూ వచ్చారు. నేను లేచాను. నేను లేవడం చూసి జనం సర్దుకున్నారు, నేనెప్పుడూ లేచినవాణ్ణి కాదు.

"ఆ రోజు నడవొద్దన్నది నేను. చెల్లెలు కాదు. నేను చెప్పి పంపాను. నా పని పోతుందని తన మీద వేసుకుంది. నేను వేసుకోనిచ్చాను."

అంతే చెప్పగలిగాను. కుళాయి కట్టేసినా ఒకటి కారుతూ ఉంది.

మగ్గాల మనిషి ఒకడు లేచి నా ముందుకొచ్చి కాళ్ల దగ్గర ఉమ్మాడు. "ఇరవై రెండేళ్లు నా పక్క మరమీద చేసింది," అన్నాడు. "నేను తిట్టాను ఆమెని. ఇక్కడే, ఈ చోటే తిట్టాను. నువ్వు వింటూ కూర్చున్నావు."

"కూర్చున్నాను."

"కొట్టాలనుంది ముసలోడా."

"కొట్టు."

గంగాళం అడ్డొచ్చింది. "ఆయన్ని కొడితే గోడ కూలుతుందా? కూలేటట్టయితే నేనూ ఒకటేస్తాను." అతన్ని రెక్క పట్టి కూర్చోబెట్టింది. తర్వాత నా వైపు తిరిగింది. "ఒక్కడివే చెడ్డవాడివి కాకు తాతా. నువ్వు వద్దన్నావు సరే, మూడొందల గడపల్లో ఒక్కరం ఎందుకని అడిగామా? లెక్కంటే అందరికీ భయమే. వాళ్లు మనల్ని లెక్కపెట్టినప్పుడల్లా ఇల్లు పోయింది. దాక్కున్నాం, దారి పోయింది. ఎటు చేసినా పోయేదే అయితే ఇక దాక్కోవడం దేనికి?"

మఫ్లరు ఇంకో అర్జీ రాద్దామన్నాడు. ఎవరూ కాదనలేదు, ఔననలేదు. ఆయనే కాసేపు చూసి మెడలో మఫ్లరు విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. "సరే. మీరు చెప్పండి" అన్నాడు. ఆయన మెడ అప్పుడే చూశాను. నూలు దుమ్ము ఒంటికి పడక చర్మమంతా పొట్టు లేచి ఉంది.

టీచరమ్మ మెల్లగా అంది. "నడుద్దాం. వాళ్లు లెక్కపెట్టకపోతే పోనీ. వాళ్లకి కనిపించే చోట నడుద్దాం. బడి ముందు. దాటుతూనే ఉందాం."

"కార్లు ఆగాలిగా?" అన్నారెవరో.

"నేను ఆపుతాను," అన్నాను.

*

దీనివల్ల దారి వస్తుందని మేమెవరం అనుకోలేదు. రాలేదు కూడా. ముందే చెబుతున్నాను, ఎవరూ ఆశపడి చదవొద్దు.

సోమవారం పొద్దున ఎనిమిదికి రాత్రి షిఫ్టు వదిలారు, పగటి షిఫ్టు రావాలి. రెండూ కలిసి మిల్లు రోడ్డు మీదికి వచ్చాయి. నేను రోడ్డు మధ్యకి పోయి బోర్డు ఎర్రవైపు తిప్పాను. మొదటి మనిషి దాటింది, గంగాళం. అవతలి వైపు చేరి, వెనక్కి తిరిగి, ఇంకో వరసలో ఇటు దాటింది. ఆమె వెనక అందరూ. ఇటు ఒక వరస, అటు ఒక వరస. పరుగు లేదు, నినాదం లేదు. దాటేటప్పుడు ప్రతి మనిషీ తన అంకె తనే పైకి చెప్పాలని టీచరమ్మ చెప్పింది. "పదిహేడు." "పద్దెనిమిది." సాంబ్రాణి ఇరవై ఆరు అన్నాడు, మళ్లీ వచ్చినప్పుడు, "ఈసారి నన్ను రాయొద్దు, ఒక్కడినే" అన్నాడు.

కార్లు ఆగాయి. చుట్టుదారి నిండింది, రోడ్డు నిండింది, కనిపించినంత దూరం ఆగిపోయాయి. హారన్లు మోగాయి. ఒకాయన అద్దం దించాడు.

"తప్పుకోండమ్మా, బడికి టైమవుతోంది."

"మాకూ మిల్లుకి టైమవుతోంది బాబూ," అంది ఒకామె. "అందుకే నడుస్తున్నాం."

"పిల్లలు ఎండలో ఉన్నారు."

"దింపి నడిపించు నాయనా. నడవడం తప్పు కాదు."

కొందరు దింపారు. ఇద్దరు ముగ్గురు పిల్లలు సంచులు వేసుకుని మా వరసలోంచే దాటి గేటులోకి పోయారు. ఒక పిల్ల తనూ "నలభై" అంది. వాళ్ల నాన్న రెక్క పట్టి లాక్కుపోయాడు.

మేనేజరు వచ్చాడు. మొహం చెమట పట్టి ఉంది. నా దగ్గరగా వచ్చి, ఎవరికీ వినపడకుండా అన్నాడు. "తాతా, బోర్డు తిప్పు."

"ఇంకా దాటుతున్నారు బాబూ."

"నాకు కనిపిస్తోంది. తిప్పు. నీ చెల్లెలి సంగతి తెలిసి నేనూ బాధపడ్డాను. బడి తరఫున ఏదైనా చేద్దామని మాట్లాడుతున్నాను. ఇలా చేస్తే నేనేం చెయ్యలేను."

"పిల్లలు దాటేటప్పుడు బోర్డు దించొద్దని మీరే చెప్పారు."

"వీళ్లు పిల్లలా?"

చెయ్యి లాగుతోంది. కర్రని భుజానికి ఆనించుకుని పట్టుకున్నాను. రాళ్లు కొట్టిన చెయ్యి, ఇంకాసేపు ఆగుతుందనుకున్నాను.

నూట పదిదాకా విన్నాను. తర్వాత జీపులు వచ్చాయి. లాఠీలు మొదట వరస మధ్యలో పడ్డాయి. చెదిరారు, మళ్లీ కలిశారు, మళ్లీ పడ్డాయి. మఫ్లరు కింద పడ్డాడు. టీచరమ్మని ఇద్దరు ఆడ పోలీసులు ఎత్తి బండిలో వేశారు. ఆమె మెట్టు మీద నుంచి కూడా అంకె చెప్పింది, ఏ అంకో నాకు వినపడలేదు. నా చేతిలో బోర్డు లాగబోతే నేను వదల్లేదు. ఒకడు మోచేతి మీద కొట్టాడు. చేతిలో పట్టు పోయింది. బోర్డు రోడ్డు మీద ఆకుపచ్చ పైకి పడింది. కార్లు కదిలాయి.

*

స్టేషను మిల్లు రోడ్డు చివర. వరండాలో కింద కూర్చోబెట్టారు. హెడ్డు కానిస్టేబులు పుస్తకం తెరిచి ఒక్కొక్కర్నీ పిలిచి రాస్తున్నాడు. పేరు, తండ్రి పేరు, పని, ఇల్లు. తప్పు రాకుండా రాస్తున్నాడు. రెండుసార్లు అడిగి రాస్తున్నాడు.

"నూట పన్నెండు," అన్నాడు చివర గీత గీసి.

టీచరమ్మ పెదవి చిట్లి ఉంది. ఆ పెదవితోనే అంది, "చూశావా తాతా. పట్టుకోవడానికైతే వీళ్లకి లెక్క బాగా వచ్చు."

తర్వాత జరిగేది అప్పుడు మాకు తెలియదు. ఆమె ఉద్యోగం ఆ సాయంత్రమే పోయింది. మిల్లులో ముప్ఫై ఒక్కమంది పేర్లు కొట్టేశారు. గోడ పైకి లేచి, మీద గాజుపెంకులు గుచ్చారు. బడి గేటు ముందు ఇప్పుడు వేరే మనిషి బోర్డు పట్టుకుని ఉంటాడు. మావాళ్లు పెద్ద రోడ్డు మీద, ఆ కూలిన గట్టు దగ్గర, ఇప్పటికీ తారు ఎక్కి పది అడుగులు నడుస్తున్నారు. ఒంటరిగా మాత్రం నడవరు. పదిమంది అయ్యేదాకా ఆగి, లారీకి ఎదురుగా చేతులు చాపి, కలిసి నడుస్తారు.

ఆ మధ్యాహ్నం సంగతి మాత్రం చెప్పి ఆపుతాను. హెడ్డు పుస్తకం మూసి టీ తాగుతున్నాడు. స్టేషను గుమ్మం దగ్గర ఒక ముసలామె నిలబడింది. మా వీధి చివరి ఇల్లు. మిల్లుకి పోయి పదేళ్లయింది ఆమె.

"నన్నూ రాసుకో నాయనా," అంది.

"నువ్వెవరు? పొద్దున రోడ్డు మీద ఉన్నావా?"

"లేను."

"మరి రాయడమేంటి?"

"ఇరవయ్యేళ్లు ఆ సందులో నడిచాను. ఎవరూ రాయలేదు. ఇప్పుడు రాయి."

ఆమె వెనకాల మగ్గాల మనిషి పెళ్లాం వచ్చింది. ఆమె వెనక పిండి మర యజమాని కూడా వచ్చాడు, దుకాణం మూసేసి. ఆ రోజు మాతోబాటు లెక్కకి భయపడి దాక్కున్నవాళ్లే అందరూ. గుమ్మంలో చోటు చాలక రోడ్డు అవతల నిలబడుతున్నారు, పిలవకముందే ఇటు వచ్చేస్తున్నారు.

"పోండి, పోండి," అన్నాడు హెడ్డు. ఎవరూ పోలేదు. వరండాలో మా పక్కన సర్దుకుని కూర్చున్నారు. ఆయన గ్లాసు కింద పెట్టాడు. పుస్తకం మళ్లీ తెరిచాడు. వరండా అంచున ఉన్నది నేనే కాబట్టి నన్ను అడిగాడు.

"ఏం ముసలోడా, ఇంకా ఎంతమంది?"

వాచిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని వరండాలోంచి రోడ్డు వైపు చూశాను. వాళ్ల కోసం ఎవరూ బళ్లని ఆపడంలేదు. వాళ్లే చేతులు చాపి ఆపుకుంటున్నారు.

"ఇంకా దాటుతున్నారు," అన్నాను.